అలీగఢ్ తాళం

ఆ పొద్దున ముస్తకీం వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. కాన్పూరు నుంచి తాళాల వ్యాపారి గిర్ధారీ సేఠ్ వస్తాడు, గుమ్మానికి వేలాడుతున్న కొత్త తాళం చూసి ముచ్చటపడతాడు, కుర్మా తిని పెద్ద ఆర్డరిస్తాడు. ఇవ్వకపోతే మాత్రం కొలిమి ఆర్పేసి ఎదురింటి బరకత్ కార్ఖానాలో కూలికి కూర్చోవాలి. అంతకన్నా చావు నయం. ఆ భయంతోనే ఫోన్లో ఒక మాట ఎక్కువ చెప్పాడు: ప్రతి ముక్కా తన చేత్తో చేసిందేననీ, అలీగఢ్‌లో ఏ మొనగాడూ దాన్ని తెరవలేడనీ.

తలుపు మూసి, గొళ్లానికి తాళం తగిలించి, ఎలా ఉందో చూసుకుంటూ మురిసిపోయి ఒక్క నొక్కు నొక్కాడు. అది నొక్కితే పడిపోయే రకం. పడింది. అప్పుడే భార్య రుఖియా పక్కింటి నుంచి కొత్తిమీర తెచ్చింది.

"తలుపు తియ్యండి. పొయ్యి మీద కుర్మా ఉంది."

"తాళంచెవి లోపలుంది."

"రెండోది?"

"దాని పక్కనే ఉంది."

రుఖియా అరుగు మీద కూలబడింది. "మీతో కాపురం చేస్తూ ఇంతకన్నా ఏం ఆశించను."

ముస్తకీం తీగముక్కతో కెలికాడు. తాళం కదల్లేదు. ఊచల కిటికీలోంచి పొగ మొదలైంది.

"ఏం ఉస్తాద్, నీ ఇంటికి నువ్వే కన్నం వేస్తున్నావా?" అంటూ బరకత్ దిగాడు. వెనకే పక్కిళ్ల తాళాల పనివాళ్లు ఖలీల్, సఫియా ఖాలా, సగం వీధి. ఒకరిని ఒకరు పక్కకు నెట్టి, తాళం తెరిచేది నేనంటే నేనని పంతాలు పట్టారు. ఎవరు వంగినా తెరుచుకోకూడదని ముస్తకీం మొక్కుకున్నాడు. పొగ చిక్కబడినప్పుడల్లా తెరుచుకోవాలని మొక్కుకున్నాడు. ఏ మొర ఆలకించాలో అల్లాకైనా తెలిసి ఉండదు.

సేఠ్ రిక్షా దిగాడు. "ఎవరిల్లు కాలుతోంది?"

"నాదే సేఠ్‌జీ. కూర్చోండి."

"ఇంతమందికీ లొంగలేదా? భేష్."

ఇల్లు పోతే పోయింది, పరువు దక్కిందనుకున్నాడు ముస్తకీం. అంతలో రుఖియా లేచింది.

"పంతాలు చాలు. దీని లోపలి లివర్లు రాకింది బరకత్ భాయ్ ఇంట్లో. స్ప్రింగులు ఖలీల్ బిగించాడు. తాళంచెవి కోసింది సఫియా ఖాలా. తలా ఓ చెయ్యి వెయ్యండి, నా ఇల్లు తగలబడిపోతోంది."

ముస్తకీంకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఖాలా ఒక మేకును ఆకురాయితో తాళంచెవిలా అరగదీసింది. బరకత్ లివర్ల వరస చెప్పాడు. ఏ స్ప్రింగు వదులో ఖలీల్ సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు. టక్కుమంది. లోపల కుర్మా బొగ్గయింది, ఇల్లు మాత్రం మిగిలింది.

సేఠ్ ఆ తాళాన్ని చేతిలో తూచి చూశాడు.

"అబద్ధమాడాను సేఠ్‌జీ," అన్నాడు ముస్తకీం. "ఇక్కడ ఎవరూ ఒక్కరే తాళం చేయరు. ఇంటికో ముక్క చేస్తాం." బరకత్ కార్ఖానాలో ఏ మూల కూర్చోవాలో అప్పుడే చూసుకుంటున్నాడు.

"ఆర్డరు రాసుకో," అన్నాడు సేఠ్.

ముస్తకీం నోరు తెరిచాడు. "తెరుచుకుందిగా?"

"వీధంతా కూడితే తప్ప తెరుచుకోలేదుగా. మా కాన్పూరు దొంగల్లో అంత ఐకమత్యం ఎక్కడేడ్చింది?"