నూట నలభై బావులు, మూడు క్రెడిట్లు

అర్హత లేనివాళ్లను గుమ్మం దగ్గరే ఆపగలిగిన దేశమే బాగుపడుతుంది. ఈ మాట ఊరికే అనడం లేదు. వెస్ట్ వర్జీనియాలోని ఒక యూనివర్సిటీలో ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. అందులో పదకొండేళ్లు వాషింగ్టన్ సెమిస్టర్ కమిటీలో కూర్చున్నాను.

ఏటా పన్నెండు మంది పిల్లలను ఒక సెమిస్టర్ పాటు రాజధానికి పంపుతాం. చట్టాలు తయారయ్యే ఆఫీసుల్లో ఇంటర్న్‌షిప్ చేస్తారు. ఏం నేర్చుకున్నారో వారానికో పేజీ రాసి పంపుతారు. ఇంత పనికి ఎవరిని పడితే వాళ్లను పంపుతామా? మార్కులు చూస్తాం. సిఫారసు ఉత్తరాలు చూస్తాం. 'ప్రజా విధానాలపై నాకెందుకు ఆసక్తి' అనే వ్యాసం ఐదు వందల మాటలు దాటిందేమో లెక్కపెడతాం. అన్నిటికీ మించి, పరిశోధన పద్ధతులు అనే మూడు క్రెడిట్ల కోర్సు చదివారా లేదా చూస్తాం. ఆ కోర్సు చెప్పేది నేనే.

రోవీనా కాడిల్ అది చదవలేదు.

ఆమెది పైన్‌లిక్ అనే బొగ్గుగనుల ఊరు. గని మురుగు భూమిలోకి దిగి, అక్కడి బావుల నీళ్లు నారింజ రంగుకు తిరిగాయి. దాంతో ఆ అమ్మాయి ఒక సెమిస్టర్ మానేసి, తల్లితో కలిసి ఇల్లిల్లూ తిరిగింది. సీసాల్లో నీళ్లు పట్టి పరీక్షకు పంపింది. ఎవరి బావిలో ఏ విషముందో పట్టిక రాసింది. మంచిదే, కాదనను. కానీ క్రెడిట్లేవీ?

మా ఛైర్మన్ ప్రెంటిస్ హోల్కం మర్యాదస్తుడు. ఇంటర్వ్యూలో మెల్లగానే అడిగాడు.

"ఆ కోర్సు ఎందుకు చదవలేదమ్మా?"

"ఊళ్లో నీళ్ల పని పడింది సార్. ఇంతకీ అందులో ఏం చెబుతారు?"

నేను అందుకున్నాను. "జనం దగ్గరికెళ్లి సమాచారం ఎలా సేకరించాలో చెబుతాం."

"నూట నలభై బావుల నీళ్లు పట్టాను సార్."

"ఎవరి పర్యవేక్షణలో?"

"మా అమ్మ."

"ఆవిడ డాక్టరేట్ ఎందులో?" అన్నాడు హోల్కం, నిజంగా తెలుసుకుందామనే.

"స్కూలు బస్సు నడుపుతుంది సార్."

హోల్కం కలానికి మూత పెట్టేశాడు. ముందు కోర్సు చదివి రమ్మన్నాం. ఆ ఏడు గ్రేడీ విట్సెల్ అనే కుర్రాడు వెళ్లాడు. అన్ని కాగితాలూ ఉన్నవాడు. ఒక సెనేటర్ ఆఫీసులో ఫోన్లెత్తాడు.

అమ్మాయి బుద్ధిగా నా క్లాసులో చేరింది. అక్టోబరులో ఒక ఉత్తరం తెచ్చి చూపించింది.

"గురువారం రాలేను సార్. పైన్‌లిక్ నీళ్ల గురించి వాషింగ్టన్‌లో సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పమన్నారు, నన్నూ అమ్మనూ."

నిబంధనలు తిరగేశాను. జబ్బు చేస్తే రానక్కర్లేదు. ఇంట్లో ఎవరైనా పోతే రానక్కర్లేదు. యూనివర్సిటీ జట్టులో ఆడుతుంటే రానక్కర్లేదు.

"వాలీబాల్ ఏమైనా ఆడతావా?" అన్నాను, సాయం చేద్దామనే.

"లేదు సార్."

ఆబ్సెంట్ వేశాను. ఆ రోజు పాఠం, సాక్షులను ప్రశ్నించడం ఎలా అన్నది.

ఆ వారం గ్రేడీ పేజీ వచ్చింది. 'మన యూనివర్సిటీ అమ్మాయికి విజిటర్ బ్యాడ్జి ఇచ్చి, విచారణ గది దాకా తీసుకెళ్లాను. వాళ్లమ్మ ఒక సీసాడు నారింజ నీళ్లు బల్ల మీద పెట్టింది. "ఇవి మా వంటింటి నీళ్లు. మీలో ఎవరైనా ఒక్క గుక్క తాగితే మేం ఇంటికెళ్లిపోతాం" అంది. ఎవరూ కదల్లేదు. మా సెనేటర్ తొలిసారి ఫోను పక్కన పెట్టారు.' అతనికి ఎ గ్రేడు ఇచ్చాను. చదువును అనుభవంతో ముడిపెట్టాడు మరి.

పైన్‌లిక్‌కు ఇప్పుడు కొత్త పైపులైను వేస్తున్నారు. రోవీనాకు మాత్రం హాజరు తగ్గి గ్రేడు ఒక మెట్టు దిగింది. మాకు కావలసింది బి, ఆమెకు వచ్చింది బి మైనస్. రెండోసారీ వద్దన్నాం. న్యాయం అందరికీ ఒకటే కదా?

ఈ వసంతంలో మా వాషింగ్టన్ సెమిస్టర్‌కు కొత్త కరపత్రం వేస్తున్నాం. అట్ట మీదికి మంచి ఫొటో దొరికింది: మైకు ముందు రోవీనా, పక్కన తల్లి, బల్ల మీద ఆ సీసా. కింద 'దేశానికి గొంతునిచ్చే మన విద్యార్థులు' అని రాసింది నేనే. ఫొటో వాడుకోవడానికి ఆమె సంతకం కావాలని హోల్కం నన్ను పంపాడు.

లైబ్రరీలో పట్టుకున్నాను. ఫారం మొదటినుంచి చివరిదాకా చదివింది. కోప్పడలేదు. కలం అడిగి తీసుకుంది.

"సంతకం పెట్టడానికి నాకు అర్హత ఉందంటారా సార్? ముందు చదవాల్సిన కోర్సు ఏదైనా ఉందేమో చూడండి."

అది ఎగతాళి అని నాకు తెలియాల్సింది. ఇరవై రెండేళ్ల అనుభవం. ఫారం తీసుకుని, వెనక్కి తిప్పి చూశాను.