అత్తగారి నిఘా పుస్తకం

ఆ ఉదయం అత్తగారు వేసుకున్న పథకం చిన్నదే. అల్లుడి వెనకాలే పడవలో వెళ్లి అతని బండారం బయటపెట్టాలి.

కూతురింటికి వచ్చి వారమైంది. మొదటి రోజు అల్లుడు ఏడింటికి బయల్దేరాడు. మర్నాడు ఏడూ యాభైకి, ఆ మర్నాడు ఎనిమిదీ నలభైకి. రోజూ యాభై నిమిషాలు ఆలస్యంగా వచ్చేవాణ్ణి భరించే ఆఫీసు భూప్రపంచంలో లేదని ఆవిడ నమ్మకం. ఉద్యోగం ఊడింది, పెళ్లాం దగ్గర దాస్తున్నాడు. పైగా బాల్కనీలోంచి చూస్తే, ఎదుటి సముద్రపు పాయలో పడవ ఆపుకుని, తాడు కట్టిన పసుపు పెట్టె నీళ్లలోకి దించి, దానికేసే చూస్తూ కూర్చుంటాడు. చేపలు పడుతున్నాడన్నమాట. అదీ చేతకాక ఒట్టి చేతులతో ఇంటికొస్తున్నాడు. పెట్టె దించిన వేళ, తీసిన వేళ ఆవిడ ఒక చిన్న పుస్తకంలో నిమిషాలతో సహా ఎక్కించింది.

కూతురు మాత్రం, ఆ పెట్టె నీళ్లలోకి శబ్దం పంపి ప్రవాహ వేగం కొలుస్తుందని చెప్పింది. చంద్రుడు రోజూ యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాడట, అతని వెంట సముద్రపు పోటు, పోటు వెంట అల్లుడు. ఏడు రోజుల లెక్కలు ఈ సాయంత్రం అందిస్తే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికే.

"చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా?" అంది అత్తగారు.

మధ్యాహ్నం పెట్టె నీళ్లలోకి దిగడం చూసి, వేళ రాసుకుని, చేతిసంచీతో రేవుకు నడిచింది. మోటారు పడవ మాట్లాడుకుని, పాయలో ఉన్న ఆ మనిషి మీద నిఘా వేశానని చెప్పింది. పడవవాడు ఆవిణ్ణి పెద్ద ఆఫీసరనుకుని ఒక నమస్కారం పెట్టి మరీ వేగం పెంచాడు. దూరం నుంచి అల్లుడు రెండు చేతులూ ఊపుతూ ఆపమని సైగ చేశాడు.

"చూశావా బాబూ, దొంగ కంగారు. ఇంకా పోనీ."

మోటారు లేపిన అలకు అల్లుడి పడవ ఊగింది, అతని ఒళ్లోని పుస్తకం నీటిపాలైంది. పసుపు పెట్టె తాడు మోటారు రెక్కలకు చుట్టుకుని రెండు పడవలూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడిపోయాయి. అల్లుడు పెట్టెను పైకి లాగి తల పట్టుకున్నాడు.

"లెక్కలు పెట్టెలో భద్రంగానే ఉన్నాయి అత్తయ్యగారూ. దీని గడియారం మొదటి రోజే మొరాయించింది. వేళలన్నీ పుస్తకంలోనే రాసుకున్నాను. వేళ తెలియని లెక్క ఎవరికీ పనికిరాదు."

ఊడని ఉద్యోగాన్ని ఆవిడ తన చేతులతో తనే ఊడగొట్టింది. సంచీలోంచి తన పుస్తకం తీసి, అతని మొహం చూడకుండా అందించింది.

'దించాడు, ఏడూ ఇరవై రెండు. తీశాడు, ఏడూ యాభై. ముఖంలో దొంగచూపు.' ఏడు రోజులూ ఉన్నాయి. అల్లుడు రెండుసార్లు తిరగేశాడు.

"ఇవన్నీ ఎందుకు రాశారు?"

"మీ ఆరోగ్యం మీద బెంగతో, అల్లుడుగారూ."

సాయంత్రం పుస్తకం దొంగచూపులతో సహా ఆఫీసుకు చేరింది, ఉద్యోగం నిలిచింది. ఆవిడిప్పుడు అల్లుణ్ణి పూర్తిగా నమ్ముతోంది. కొత్త పుస్తకం చంద్రుడి మీద తెరిచింది.