నీలిగీత కింద వీధి

కొండమెట్ట పట్నంలో మంగళవారం పొద్దున పదకొండు గంటలకు గోడల మీద గీసిన నీలిగీత దాకా నీళ్ళు నిలిచాయని పురపాలక సంఘం రాసుకుంది, ఆ నిమిషం నుంచి గీతకు కింద ఉన్నవాళ్ళంతా నీళ్ళలోనే ఉన్నారు. ఎవరూ తడవలేదు. తడవడం గురించి కాగితంలో ఏమీ లేదు.

గీత గీసింది దానేలు మేస్త్రి. నలభై ఏళ్ళుగా గోడలు కట్టిన మనిషి, మాట తక్కువ. గీయించింది మాత్రం నిరుపమ అనే చిత్రకారిణి. తాగునీటి మీద జనానికి పట్టింపు కలగాలని పురపాలక సంఘం ఆమెను పిలిపించింది. ఏడాదిలో ఈ ఊరికి రావలసిన తాగునీరంతా ఒక్కసారే ఊళ్ళో నిలబడితే ఎంత ఎత్తుకు వస్తుందో లెక్క వేసి, అంత ఎత్తున ఊరంతా ఒకే గీత గీయించాలని ఆమె అనుకుంది. జనం ఆ గీతను చూసి, మనకు రావలసినవి ఇన్ని నీళ్ళా అని ఆగి ఆలోచిస్తారు. మంచి ఆలోచనే. దానేలు కూడా అలాగే అనుకున్నాడు.

మేస్త్రీలు మట్టం చూసే పద్ధతి ఒకటి ఉంది. లోపలి నీళ్ళు కనబడే సన్నటి గొట్టంలో నీళ్ళు పోసి, ఒక కొస ఈ గోడకు, ఇంకో కొస ఆ గోడకు పట్టుకుంటే రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి. అక్కడ గుర్తు పెడతారు. దానేలు తన ఇంటి కుళాయి నీళ్ళే గొట్టంలో పోసుకుని బయల్దేరాడు. కొండవీధిలో గీత గడపల దగ్గర పడింది. బజారులో నడుముల దాకా వచ్చింది. పల్లపువీధికి వచ్చేసరికి ఇళ్ళ కప్పులు దాటిపోయింది. అంత ఎత్తు గోడ అక్కడ ఎవరికీ లేదు గనక కరెంటు స్తంభాల మీద గీశాడు.

పల్లపువీధిలో మూడో ఇల్లు దానేలుదే. నిరుపమ నిచ్చెన దగ్గర నిలబడి చాలాసేపు పైకి చూసింది.

"మేస్త్రి గారూ, ఇక్కడ కొంచెం కిందికి గీద్దామా? చూడ్డానికి బాగుంటుంది."

"నీళ్ళు అక్కడే నిలబడ్డాయమ్మా," అన్నాడు దానేలు. "నేను దించితే దిగవు."

గురువారం పల్లపువీధి కుళాయిలు కట్టేశారు. వీధి నీళ్ళలో ఉన్నందున సరఫరా అవసరం లేదని ఒక కాగితం రాసి, నానిపోకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి స్తంభానికి కట్టారు. ఆ వీధికి ఉత్తరాలు తెచ్చే మనిషికి పడవ భత్యం మంజూరైంది. అగ్నిమాపక కేంద్రం వాళ్ళు తమ జాబితాలో వీధి పేరు కొట్టేశారు, నీళ్ళలో నిప్పు అంటుకునే వీలు లేదు గనక. పొయ్యిలు వెలుగుతూనే ఉన్నాయి. వాటి పొగను బుడగలుగా రాసుకున్నారు. వారం తిరిగేసరికి దండేల మీద చీరలు కిందికి వేలాడడం మాని పైకి తేలడం మొదలుపెట్టాయి. నడకలు నెమ్మదించాయి. పిలిచిన పిలుపు పక్కింటికి ఆలస్యంగా చేరేది. జనం వీటన్నిటికీ అలవాటుపడ్డారు. దాహానికి మాత్రం పడలేదు.

దానేలు భార్య సువార్తమ్మకు మూత్రపిండంలో రాయి. రోజుకు ఎనిమిది చెంబుల నీళ్ళు తాగాలని, లేకపోతే కోయాల్సి వస్తుందని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పి పంపాడు. ఇప్పుడు రెండు చెంబులు దొరకడమే గగనమైంది. నొప్పి వచ్చినప్పుడు ఆమె నడుం పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. ఒకరోజు బిందె తీసుకుని బజారుకు వెళ్ళింది. అక్కడి కుళాయిలు మోకాలి ఎత్తులో ఉంటాయి, అంటే గీతకు కిందే. అవీ కట్టేసి ఉన్నాయి. కొండవీధికి ఎక్కింది. కుళాయి దగ్గర ఒకావిడ ఆమెను ఎగాదిగా చూసి, "పీకల్దాకా నీళ్ళు పెట్టుకుని ఇంత దూరం బిందె మోసుకొచ్చావేమిటమ్మా," అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. సువార్తమ్మ బిందె చంకకెత్తుకుంది. ఖాళీ బిందెతో దిగివచ్చింది.

"గీసింది నువ్వే గదయ్యా," అంది మొగుడితో. "తప్పు గీశానని చెప్పు. ఏం పోయిద్ది?"

ఏం పోతుందో దానేలుకు తెలుసు. నలభై ఏళ్ళలో అతని గోడ వంకర అన్నవాడు లేడు. ఆ పేరు తప్ప అతను సంపాదించింది కూడా ఏమీ లేదు.  తెల్లవారి ఉతికిన చొక్కా తొడుక్కుని పురపాలక సంఘం ఆఫీసుకు వెళ్ళాడు.

నీటి విభాగం ఇంజనీరు శేషాచలపతి మర్యాద గల మనిషి. దానేలుకు కుర్చీ వేయించాడు. గీతను సవరించడానికి దారి ఉందని, మట్టం తప్పు చూశానని గీసిన మనిషే రాసివ్వాలని చెప్పాడు. దానేలుకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. గుమాస్తా చెబుతుంటే, నా మట్టం తప్పు అని రాశాడు. మూడు మాటలే. చాలాసేపు పట్టింది. లేచి, మట్టి అంటినట్టు చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

నాలుగో రోజున ఇంజనీరు మట్టం చూసే పరికరం మోయించుకుని స్వయంగా వచ్చాడు. కొండవీధి నుంచి మొదలుపెట్టి నూట పద్దెనిమిది చోట్ల చూశాడు. దానేలు వెనకే నడిచాడు. ఎక్కడో ఒకచోట వేలెడు తేడా కనబడేట్టు చేయమని దారి పొడుగునా ప్రార్థించాడు. అలాంటి ప్రార్థన అతను చేయడం అదే మొదలు. చివరి స్తంభం దగ్గర ఇంజనీరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"వెంట్రుకవాసి తేడా లేదు మేస్త్రీ. ఇంత పనివాడు తనది తప్పని రాసివ్వడం వినయం. మీ కాగితాన్ని వినయం కిందే తీసుకున్నాం."

"మా ఇంటావిడికి నీళ్ళు కావాలండి."

"మీ వీధికి ఉన్నన్ని నీళ్ళు ఊళ్ళో ఇంకెవరికీ లేవు," అన్నాడు ఇంజనీరు. నవ్వలేదు. తలెత్తి గీత వైపు చూపించాడు.

శుక్రవారం సభ పెట్టి దానేలుకు శాలువా కప్పారు. నిరుపమ మైకు ముందుకు వచ్చి ఏదో చెప్పబోయి ఏడ్చింది. చప్పట్లు ఆగకపోవడంతో ఆమె ఏమన్నదీ ఎవరికీ వినబడలేదు.

తర్వాతి వారం పెద్దాసుపత్రిలో డాక్టరు సువార్తమ్మ చీటీ మీద ఎనిమిది చెంబులు అని రాసి, పైన చిరునామా చూసి కొట్టేశాడు. పగలూ రాత్రీ నీళ్ళలో ఉండే మనిషికి ఎక్కువైతే ప్రమాదమని నెమ్మదిగా చెప్పాడు. ఆమె సరేనంది. ఇంటికి వచ్చాక ఇక నీళ్ళు అడగలేదు.

ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్ళ జనం గీతను చూడడానికి రాసాగారు. వీధి పక్కనున్న కరకట్ట మీద నిలబడితే పల్లపువీధి మొత్తం కింద కనబడుతుంది. ఇన్ని నీళ్ళా అని వాళ్ళు నిజంగానే ఆగి ఆలోచించారు. జనంలో పట్టింపు కలిగిందని పైకి నివేదిక వెళ్ళింది. చూసినవాళ్ళు కొందరు పొట్లాలు విప్పి, చెరువులో చేపలకు వేసినట్టు మరమరాలు కిందికి చల్లారు.

మొదటి ఆదివారం వీధివాళ్ళు తలుపులు వేసుకున్నారు. రెండో ఆదివారం వాకిళ్ళలో నిలబడి తిట్టారు గానీ తిట్లు కట్ట దాకా చేరలేదు. మూడో ఆదివారం మరమరాలు ఊగుతూ మెల్లగా దిగుతుంటే సువార్తమ్మ అరుగు మీద నుంచి లేచి తల పైకెత్తింది. ఆమె నోరు తెరుచుకుంది, మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. దానేలు ఆమె జబ్బ పట్టుకుని లోపలికి తీసుకుపోబోయాడు. ఆమె కదలలేదు. కట్ట మీద ఒకతను సీసాలో నీళ్ళు తాగి, మిగిలినవి కిందికి వంచేశాడు. అవి ఉన్న నీళ్ళలో కలిసిపోయాయి, చుక్క కూడా కింద దాకా రాలేదు.

దానేలు ఆమె చెయ్యి వదిలి, పక్కనే నిలబడి తనూ తల పైకెత్తాడు.