డెలివరీ రసీదు ఉన్న ఓటు

రహస్య ఓటంత మోసపు సరుకు ఇంకొకటి లేదని ఘంటాపథంగా చెబుతున్నాను!

ఆలోచించండి. డబ్బిచ్చి ఫ్యాను కొంటారు. బిగించి స్విచ్చేస్తే గాలి వస్తుందో లేదో తేలిపోతుంది. అదే ఓటు కొంటే? కొన్నవాడు బయట నిలబడతాడు, అమ్మినవాడు కర్టెన్ వెనక్కి వెళతాడు. లోపల ఎవరికి గుద్దాడో దేవుడికెరుక! ఇదేం వ్యాపారమండీ?

నాది కరెంటు సామాన్ల షాపు. మా మార్కెట్ సంఘంలో ఏళ్ల తరబడి ఇదే తంతు. ఎలక్షన్ రాగానే మూడు షట్టర్లాయన, అంటే మా అందరికీ హోల్‌సేల్‌లో సరుకు వేసే పెద్దమనిషి, షాపుకొక కవరు పంచేవాడు. మేం రెండు చేతులా అందుకుని, కర్టెన్ వెనక మనసుకు నచ్చినట్టు గుద్ది వచ్చేవాళ్లం. ఆయన ఓడిపోయేవాడు. పాపం, ఎవరిని నిలదీయాలో కూడా తెలిసేది కాదు. కొనుగోలుదారుడికి ఇంత అన్యాయమా?

అందుకే మా సంఘంలోకి బ్లాక్‌చెయిన్ అనే కంప్యూటర్ చిట్టా వచ్చింది! షాపుకో టోకెన్, అంటే షాపుకో ఓటు. ఫోన్‌లో నొక్కితే ఓటు పడుతుంది. ఎవరెటు వేశారో అందరికీ కనిపిస్తుంది, ఎప్పటికీ చెరగదు. "పారదర్శకత" అన్నాడు యాప్ చేసిన ఇంజినీరు. మూడు షట్టర్లాయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

మొదటి తీర్మానం ఆయనదే. మార్కెట్ వెనక గేటు మూసేసి ఆ దారి ఆయన గోడౌన్‌కు ఇవ్వాలట. వెనక వరసలో మా పిన్ని టైలరింగ్ షాపుంది. గేటు మూస్తే అటు పురుగైనా రాదు.

"ఈసారి కవరెంతండీ?" అని ఆయన్నే అడిగేశాను. బేరంలో మొహమాటమెందుకు?

"కవరెందుకయ్యా?" అని నవ్వాడు. "యాప్ తెరుచుకుని కూర్చుంటాగా. నువ్వు నొక్కు, నేను చూస్తుంటా. అన్నట్టు, నీ వైర్ల లోడు రేపేగా పంపాల్సింది?"

గమనించారా? ఓట్ల కొనుగోలు ఒక్క దెబ్బకు మాయం! చిల్లిగవ్వ చేతులు మారలేదు. ఇంత శుభ్రమైన ఎన్నిక మీరెక్కడైనా చూశారా? వ్యతిరేకంగా పడింది ఒకే ఒక్క ఓటు, పిన్నిది.

వ్యాపారిగా నాకొక్కటే బాధ. కనిపించని ఓటుకు కవరైనా వచ్చేది. కనిపించే ఓటుకు కన్నెర్ర చాలు. మార్కెట్ రేటు సున్నాకు పడిపోయింది!

సాయంత్రం పిన్ని షాపుకెళ్లాను. ఇదివరకైతే "ఎటేశావురా?" అని అడిగేది. "నీ మాట కాదంటానా పిన్నీ?" అనేవాణ్ని. అది నిజం కూడా.

ఈసారి అడగలేదు. కుట్టు మిషన్ మీంచి తలెత్తి, "అంతా కనపడిందిలేరా" అంది. "రేపు గేటుకు తాళం పడేలోపు ఈ మిషన్ బయటికి మోయాలి. ఓ చెయ్యి వేస్తావా? ఆయన చూస్తాడని భయమైతే చీకటి పడ్డాకే రా."