అరవై దగ్గర ఆగిన ఇల్లు

"రాసిపెట్టుకో పర్వతాలూ. నేర ప్రపంచానికి ఇదే ఆఖరి ఆదివారం. జకర్యా బుర్ర రంగంలోకి దిగింది," అన్నాడు జకర్యా.

నేను రాసుకోలేదు. సికింద్రాబాద్ స్టేషన్లో ఆయన గార్డు, నేను పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ అయిన నాటి నుంచి ఇలాంటి ఆఖరి ఆదివారాలు చాలా చూశాను. రిటైరయ్యాక ఆయన డిటెక్టివ్ అయ్యాడు, నేను ఆయన స్నేహితుడిగానే ఉండిపోయాను. రెండింట్లో ఏది కష్టమో అడగకండి. ఇంతవరకు ఆయన పట్టిన కేసులు రెండు. చర్చిలో మాయమైన పాటల పుస్తకం ఆయన సంచీలోనే దొరికింది. రెండోది ఇంకా నడుస్తోంది.

ఈసారి బాధితురాలు ఆయన మేనకోడలు డోరా. కట్టబోయే ఇళ్లను కంప్యూటర్లో తిప్పి చూపించే చిన్న కంపెనీలో పని చేస్తుంది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. బొమ్మను పాతదానికంటే వేగంగా గీసే ప్రోగ్రాము రాస్తానని మాటిచ్చింది. మర్నాడు పదింటికి యజమాని వెంకటరత్నానికి చూపించాలి. చూపించలేకపోతే పదకొండింటికి ఇంటికి వచ్చేయొచ్చు.

సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తోందో తెర మూలన అంకె పడుతుంది. పాత ప్రోగ్రాముకు అరవై. నెల రోజులు తంటాలు పడి రాసిన కొత్తదానికీ అరవయ్యే. ఇంటికి ఇంకో నాలుగంతస్తులు వేస్తే రెండూ టక్కున ముప్పైకి పడతాయి. మధ్యలో నలభై, యాభై అన్నవే లేవు.

"సగానికి సగం," జకర్యా కళ్లు చిట్లించాడు. "దొంగలు ఇద్దరు. వాటాలు వేసుకుంటున్నారు."

బండి టైములు రాసే పాత గార్డు జర్నల్ తీశాడు. నేరస్థుడు పారిపోతే ఊదడానికి మెడలో విజిల్ వేసుకున్నాడు. తెర ముందు కూర్చుని ఐదు నిమిషాలకోసారి టైము వేసి అంకె రాశాడు. గంటసేపు పేజీ నిండా అరవై తప్ప ఏమీ లేదు.

"ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఏ బండీ ఇంత కరెక్టుగా నడవలేదమ్మా," అన్నాడు చివరికి. "ఇంత కరెక్టుగా ఉందంటే ఎవడో కూర్చుని దొంగ టైము రాస్తున్నాడు."

ఆ రోజు నేను నోరు తెరిచింది అప్పుడొక్కసారే. "గార్డు సాబ్, బండి ఔటర్ సిగ్నల్ కాడ నిలవడ్డట్టుంది. ప్లాట్‌ఫారం ఖాళీ గాకుంటే ఎంత ఉరికొచ్చినా ఏం ఫాయిదా?"

గార్డు పనిలో పాయింట్స్‌మన్ వేలు పెట్టకూడదన్నాడు. పెట్టలేదు.

ఆ కంప్యూటర్ బిగించిన సదాశివను దుకాణం నుంచి పిలిపించి, శుక్రవారం మధ్యాహ్నం ఎక్కడున్నావని నిలదీశాడు.

"దుకాన్లనే ఉన్న సార్."

"సాక్షి ఎవరు?"

"మీరే. రేడియో రిపేరుకు తెచ్చిన్రు గదా."

జకర్యా దాన్ని జర్నల్లో రాయలేదు. వేలిముద్రల మీద పడ్డాడు. అప్పటికి డోరా ఆశ వదిలేసి, బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు సెట్టింగులు తెరిచి ఒక్కొక్కటే చూస్తోంది. ఆమె చేతిలోంచి మౌస్ లాక్కుని, దాని మీద మొహానికి రాసుకునే పౌడరు డబ్బాలో సగం గుమ్మరించి, రుమాలుతో దాని మీది చక్రాన్ని రుద్దాడు. అప్పుడే విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడే తుమ్మాడు. ఆ తుమ్ముకు విజిల్ వీధి చివరిదాకా మోగింది, మోచెయ్యి ఎంటర్ మీద పడింది, తెర మీది సెట్టింగులు మూసుకుపోయాయి.

"మావయ్యా, ఏం నొక్కావ్?"

"సాక్ష్యాన్ని."

డోరా కొత్త ప్రోగ్రాము నడిపింది. నూట పన్నెండు. పాతది నడిపింది. డెబ్బై ఒకటి. ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్లు తుడుచుకుంది. కాకపోతే తిరుగుతున్న ఇల్లు నడుమ అడ్డంగా చీలి, పై అంతస్తులు ఒక పక్కకూ కింది అంతస్తులు ఇంకో పక్కకూ జరిగి ఉన్నాయి.

"పారిపోతూ ఇల్లు విరగ్గొట్టారు," అన్నాడు జకర్యా.

సదాశివ తల గోక్కున్నాడు. "గా చీలుడు రావద్దనే, తెర కోసం ఆగమని నేనే పెట్టిన."

రుమాలు రుద్దుడికి చక్రం తిరిగి ఆ సెట్టింగు మారింది, మోచెయ్యి ఎంటర్ మీద పడి అది ఖాయమైంది, ఆ ఆగడం కాస్తా రద్దయింది. డోరా నా వైపు తిరిగింది. "మీరన్న ఔటరే అంకుల్. తెర సెకనుకు అరవై సార్లే బొమ్మ మారుస్తుంది. కార్డు ఎంత ముందు గీసినా దాని వంతు వచ్చేదాకా ఆగాలి. కొంచెం లేటైందా, ఆ వంతు పోయినట్టే. తర్వాతిదాకా ఆగాలి, అందుకే ముప్పై."

నేను టీ తాగుతున్నాను.

సోమవారం వెంకటరత్నం రెండు అంకెలూ చూసి ఉద్యోగం ఖాయం చేశాడు. తర్వాత చీలిన ఇల్లు చూసి, ఇలా చూపిస్తే కొనేవాడు పారిపోతాడన్నాడు. డోరా ఆ ఆగడాన్ని మళ్లీ పెట్టేసింది. మూలన మళ్లీ అరవై పడింది.

తను పట్టుకున్న దొంగను తిరిగి డ్యూటీలో పెట్టడం జకర్యాకు మింగుడు పడలేదు. జర్నల్లో ఆఖరి పంక్తి ఇలా రాశాడు: "నేరస్థుడు విడుదల. బండి రైట్ టైం. కేసు ఛేదించినది జకర్యా బుర్ర." సాక్షి సంతకం నన్ను పెట్టమన్నాడు.

పెట్టాను. తుమ్ము సంగతి అందులో ఎక్కడా లేదు.