పక్క సీట్లో పెళ్లి కేకు

ఆ ఉదయం బేకరీ మాస్టారి ఏర్పాట్లన్నీ పకడ్బందీగా ఉన్నాయి. సాయంత్రం చెల్లెలి పెళ్లి. నిద్ర మానుకుని చేసిన మూడంతస్తుల కేకు అట్టపెట్టెలో సిద్ధంగా ఉంది. దానికోసం విమానంలో తన పక్క సీటు కూడా కొన్నాడు.

"టికెట్టు సరిగ్గా చూశారా? చాలా దూరం కదా," అంది భార్య, కొట్టు తాళాలు అందుకుంటూ.

"తొమ్మిదికి ఎక్కడం, పన్నెండుకి దిగడం. మూడు గంటలు. ఆ మాత్రానికి దూరమేమిటి?" అన్నాడు మాస్టారు. అతను విమానం ఎక్కడం అదే మొదలు.

విమానం గాల్లోకి లేచింది. కేకు పెట్టెకి కట్టిన బెల్టు ఒకసారి సవరించి, కునుకు తీయబోతుంటే పైలట్ గొంతు వినిపించింది. "మనం పన్నెండు వేల కిలోమీటర్లు ప్రయాణించబోతున్నాం. పద్నాలుగు గంటలు పడుతుంది."

మాస్టారు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. తొమ్మిదికి పద్నాలుగు కలిపితే రాత్రి పదకొండు. అప్పటికి పెళ్లేమిటి, పెళ్లివారు ఒక నిద్ర కూడా తీసేస్తారు. ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచాడు.

"కాస్త తొందరగా పోనివ్వమని చెప్పమ్మా."

"ఏమైంది సార్?"

"ఇవాళ మా చెల్లి పెళ్లి," అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

ఆ అమ్మాయికి అవి ఆనందబాష్పాల్లా కనిపించాయి. ఆ శుభవార్త మైకులో అందరికీ చెప్పేసింది. విమానమంతా చప్పట్లు. మాస్టారు నిర్ఘాంతపోయాడు. తన కొంప మునిగితే వీళ్లకింత సంబరమేమిటి?

వెనక సీటు పెద్దాయన భుజం తట్టాడు. "బాధపడకు బాబూ. ఆడపిల్ల ఎప్పటికైనా వెళ్లిపోయేదే."

మాస్టారికి ఉన్న కాస్త నిబ్బరం కూడా పోయింది. "ఇంక ఇదెవరి కోసం? అందరికీ పంచిపెట్టమ్మా," అని పెట్టె విప్పేశాడు. పై అంతస్తు ముందు వరుసలకే సరిపోయింది. పిల్లలు రెండోసారి వచ్చి నిలబడ్డారు. క్రీము గులాబీ ఉన్న ముక్క పైలట్‌కి వెళ్లింది. చివరికి అడుగున అట్ట మిగిలింది.

విమానం దిగగానే ఎండ కళ్లల్లో కొట్టింది. రాత్రి పదకొండింటికి ఇంత ఎండ ఏమిటో అతనికి అంతుపట్టలేదు. చెల్లికి ఫోను చేశాడు.

"క్షమించమ్మా. నీ పెళ్లి కళ్లారా చూసే రాత నాకు లేదు."

"ఏం మాటలన్నయ్యా అవి? పెళ్లి సాయంత్రం కదా. ఇంకా మధ్యాహ్నమేగా. ఇక్కడి గడియారాలు మనూరికంటే దాదాపు పదకొండు గంటలు వెనకుంటాయి. నీకెవరూ చెప్పలేదా?"

మాస్టారు గోడ గడియారం వంక చూశాడు. పన్నెండు. టికెట్టు అబద్ధమేమీ చెప్పలేదు.

"అది సరే, కేకు క్షేమంగా దిగిందా? పెళ్లికొడుకు వాళ్లంతా దానికోసమే కాచుకుని కూర్చున్నారు."

సామాన్లు వచ్చే బెల్టు చుట్టూ మూగిన తోటి ప్రయాణికులు అతన్ని చూసి ఆప్యాయంగా చేతులూపారు.

"దిగిందమ్మా," అన్నాడు మాస్టారు. "సామాన్ల కోసం నిలబడి ఉంది."