లోకనాథ్ గారి సెమీఫైనల్ టెంటు

ప్రపంచకప్ నాకౌట్‌కి ముందు మన జనం చేసే వాదనల వల్ల దేశానికి జరిగే మేలు మరి దేనివల్లా జరగడం లేదు! ఈ సత్యాన్ని నాకు తెలియజెప్పిన మహానుభావుడు మా ఊరి చేపల చెరువుల ఆసామి లోకనాథ్ గారు. ఆయన మీద నాకు కక్ష అని కొందరు అంటున్నారు. కక్ష ఏంటండీ? తలుచుకోగానే అన్నం ముద్ద గొంతు దిగకపోతే అది కక్షేనా? భక్తి కాకూడదా?

మేళ్లు చెబుతాను, వినండి. నేను భిన్నాలకి భయపడి ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. అలాంటి నాకు ఇవాళ నెట్ రన్‌రేట్ నోటి లెక్క! ఏ జట్టు ఏ జట్టుని ఎన్ని ఓవర్లలో కొడితే మూడో జట్టు ముక్కు చీదుకుంటూ విమానం ఎక్కాలో చిటికెలో చెప్పేస్తాను. ఏ బడి నేర్పుతుందండీ ఈ విద్య?

భూగోళం సంగతి చూడండి. తణుకు దాటి ఎరగని మా ముసలయ్య బాబాయికి పెర్త్‌లో బంతి ఎంత ఎత్తు లేస్తుందో తెలుసు. మ్యాచ్ జరిగే ఊళ్లో ఏ వేళకి మబ్బు పడుతుందో మా ఊళ్లో అందరికీ తెలుసు. మా కాలవలో నీళ్లున్నాయో లేదో మాత్రం తెలియదు. అంత చిన్న విషయాలు ఎవరికి కావాలి?

ఆ చిన్న విషయం కూడా చెప్పేస్తాను. దాళ్వాకి, అదే రెండో పంట వరికి, నీళ్లు చాలక వంతులు పెట్టారు. మాది కాలవ చిట్టచివరి శివారు. చేలకి నీళ్లు తెచ్చే మా పంటబోదెకి వారానికి ఒక్క పగలు వంతు. ఆ బోదె లోకనాథ్ గారి చెరువుల పక్కనుంచి వస్తుంది కాబట్టి, వంతు రోజున శివారు రైతులం గట్టు మీద కాపలా కూర్చుంటాం. ఎందుకు కాపలా అని అడక్కండి. పెద్దమనుషుల గురించి అలా ఆలోచించకూడదు!

నాకౌట్లు మొదలవబోతున్నాయనగా మా వంతు వచ్చింది. నా చేను పొట్ట మీద ఉంది, వెన్ను ఇంకా బయటికి రాలేదు. ఆ ఒక్క తడీ పడితే గింజ, పడకపోతే తాలు. తువ్వాలు నెత్తిన వేసుకుని గట్టు మీద కూర్చుంటే లోకనాథ్ గారు బండి ఆపారు.

“ఏంటండీ ఈ ఎండలో? సెంటర్లో టెంటు వేయించానండి. సెమీస్‌లో మనకి ఎవరు తగిలితే మంచిదో ఇవాళ తేల్చేద్దాం. మీరు లేకపోతే ఎలాగండీ? మీకున్న నాలెడ్జి ఎవరికుంది?”

నాకు నాలెడ్జి ఉందన్న మాట పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి వినడం. వెళ్లకుండా ఉంటానా?

టెంటు కింద కుర్చీలు, టీలు, వేడివేడి మిరపకాయ బజ్జీలు. చూస్తే శివారు రైతులంతా అక్కడే ఉన్నారు!

“సౌతాఫ్రికా తగిలితే బెంగలేదండి. నాకౌట్ అనగానే ఆళ్లకి కాళ్లు వణుకుతాయి,” అన్నాడు ముసలయ్య బాబాయి.

“ఎప్పటి మాట బాబాయ్ అది?” అని నేను లేచాను. “ఆస్ట్రేలియా అయితేనే నయం. స్పిన్ వేస్తే వాళ్లు బ్యాటుని చీపురులా తిప్పుతారు!”

“ఆ చీపురుతోనే మనల్ని ఎన్నిసార్లు ఊడ్చారో మర్చిపోయావేంటయ్యా?” అన్నారు ఐజాక్ గారు. రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన చేను నా చేను పక్కనే.

ఎవరైనా “నీళ్లు చూసొస్తానండి” అని లేస్తే చాలు, లోకనాథ్ గారు పసిపిల్లాడి మొహం పెట్టి ఒక ప్రశ్న వదిలేవారు. “అది సరేనండి, వర్షం వచ్చి ఆట ఆగిపోతే ఫైనల్‌కి ఎవరెళ్తారు?” లేచినవాడు అక్కడే కూలబడేవాడు.

మధ్యాహ్నం మా ఆవిడ సత్యలక్ష్మి ఫోన్ చేసింది. “బోదెలో నీళ్లు తగ్గిపోతన్నాయండీ! ఎక్కడున్నారు?”

“ఉండవే! టాస్ గెలిస్తే బ్యాటింగా, బౌలింగా అన్నది ఇక్కడ తేలట్లేదు!”

“ఇక్కడ బురద తేలిందండీ!” అని ఫోన్ పెట్టేసింది. ఆవిడకి క్రికెట్ తెలియదు, పాపం.

పొద్దు వాలాక వెళ్లి చూస్తే బోదె ఎండింది. లోకనాథ్ గారి చెరువు గట్టు అంచు దాకా నిండి తళతళలాడుతోంది. పక్కనున్న ఆయిల్ ఇంజను మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది.

మర్నాడు పంచాయతీ పెట్టాం. లోకనాథ్ గారు ఎంత నొచ్చుకున్నారో! “నేను పొద్దున్నుంచీ మీ మధ్యే కూర్చున్నాను కదండీ. మాస్టారూ, మీరే చెప్పండి, కుర్చీలోంచి లేచానా?”

ఐజాక్ మాస్టారు అబద్ధం ఆడరు. “లేవలేదండి,” అన్నారు. ముసలయ్య బాబాయీ అదే అన్నాడు. నన్నడిగారు. ఏమంటాను? నేనూ అదే అన్నాను. ఇంజను తిప్పిన ఆయన పాలేరు పేరు ఎవరూ ఎత్తలేదు, వాణ్ణి చూసినవాడు లేడు కనక. నీళ్లు పోయినవాళ్లమే ఆయన తరఫు సాక్షులం! ఇంత ఐకమత్యం ఇంకే ఆటలో ఉందండీ?

మళ్లీ వంతు వచ్చేలోగా వెన్ను పొట్టలోనే మాడిపోయింది. అప్పుడు కూడా జాలిపడి మా ఇంటికొచ్చింది లోకనాథ్ గారే. “తాలు కోస్తే కోత కూలి కూడా రాదు కదండీ. చెరువుకి లీజుకిచ్చేయండి, సుఖంగా ఉండండి,” అన్నారు. సత్యలక్ష్మి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. నేను సంతకం పెట్టాను. ఒకసారి చెరువు తవ్వాక అది మళ్లీ వరిచేను కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

కాబట్టి నాకౌట్ వాదనలు వర్ధిల్లాలి! ఏ జట్టు ఎందుకు ఓడిందో మీరంతా నాకన్నా బాగా చెప్పగలరు. నేను ఓడింది మాత్రం మా నాన్న ఇచ్చిన ఎకరం పద్దెనిమిది సెంట్లు.